మన చేతి ఫోనే మన సర్వరు



2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన సంగతి భావనపాడువారు గాని, ఉద్దానము వారు గాని మరువగలరా? కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగినవి. కరెంటు స్తంభములు కూలినవి. ఫోన్లు మూగబోయినవి. టవరు పోయినచో చేతిలో ఫోను ఉన్నను ప్రయోజనము లేదని అప్పుడు మనమందరము అనుకొన్నాము.

అయితే ఆ మాట పూర్తిగా నిజము కాదు.

మనము ఫోనులో ఒక పేజీ తెరచునప్పుడు, దూరముననున్న ఒక కంప్యూటరు దానిని మనకు పంపుచున్నది. అడిగినవారికి అడిగినది అందించు ఆ కంప్యూటరునే సర్వరు అందురు. మన ఫోటోలు, కాగితముల నకళ్ళు కూడ అట్టి పరాయి కంప్యూటర్లలోనే దాచుకొనుచున్నాము. దారి తెగినప్పుడు మన వస్తువే మనకు అందదు.

ఆ పని మన ఫోనే చేయలేదా? చేయగలదు. 2006లోనే నోకియా పరిశోధకులు అపాచీ అను పేరుగల సర్వరు ప్రోగ్రామును సింబియన్ ఫోన్లలో నడిపి చూపించిరి. ఆ ఫోన్లు పోయినవి గాని ఆ ఆలోచన పోలేదు. నేడు ఆండ్రాయిడ్ ఫోనులో చిన్న సర్వరు యాప్ వేసికొనవచ్చును.

ఒక మత్స్యకార కుటుంబమును తలంచుకొనండి. రేషను కార్డు, పడవ రిజిస్ట్రేషను, బ్యాంకు పుస్తకము, అమ్మగారి మందుల చీటీ, వీటి ఫోటోలు ఇంట్లో ఒక ఫోనులో ఉన్నవి. ఆ ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి యాప్ నడిపినచో, ఇంట్లోని మిగతా ఫోన్లు దానికి కలిసి, యాప్ చూపిన చిరునామాను బ్రౌజరులో కొట్టి అన్నిటిని చూడవచ్చును, దించుకొనవచ్చును. టవరుతో పని లేదు, డేటా ఖర్చు లేదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలెను. హాట్‌స్పాట్ ఇంటికి, వాకిలికి మాత్రమే అందును, పొరుగూరికి అందదు. కంపెనీలు ఒకే చిరునామాను అనేకమందికి పంచుచున్నవి గనుక బయటి ఊరినుండి మన ఫోనును చేరుట కష్టము. పాస్‌వర్డు తప్పక పెట్టండి. పంచుకొనదగినవే ఒక ఫోల్డరులో ఉంచండి. పిన్ నంబర్లు అందులో వద్దు. ఆ ఫోను నీటిలో పడినచో అన్నియు పోవును. కాబట్టి ఇంకొక నకలు మెమరీ కార్డులో వేసి, తడవకుండ దాచండి.

బ్యాటరీ త్వరగా అయిపోవును. పని ముగియగానే ఆపివేయండి.

తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఇవన్నియు నేర్చుకొనుటకు తీరిక ఉండదు. ఈ ఆదివారము సాయంకాలము పిల్లలను కూర్చుండబెట్టుకొని ఒకసారి చేసి చూడండి. చీకటి పడకమునుపే దీపములో నూనె పోసికొన్న ఇల్లు తడుముకొనదు.