వరదకు గోడ ఒక్కటే మందా?

ఢిల్లీ నుంచి ముంబై వెళ్ళే రైలు సూరత్ చేరబోయే ముందు తపతీ నదిని దాటుతుంది. చెరువులా నిలిచిన ఆ నీటిని కిటికీలోంచి చూసినప్పుడు, అది మహానగరాన్ని ముంచగలదంటే నాకు నమ్మశక్యం కాలేదు. కాని 2006 ఆగస్టులో జరిగింది అదే. సుమారు 100 కిలోమీటర్ల ఎగువనున్న ఉకాయ్ జలాశయం నుంచి 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు విడుదల కాగా, నగరంలో నాలుగింట మూడు వంతులు జలమయమైంది.

ఈ ముప్పుకు మార్గాలు స్థూలంగా మూడు: గట్లు, గోడలు ఎత్తు చేయడం, జలాశయంలో వరదకు ముందుగానే చోటు ఉంచడం, నది, వాగుల ఒడ్లను ఆక్రమించకుండా కాపాడడం.

మొదటిదానిపై నాయకులకు మక్కువ ఎక్కువ. గోడ కంటికి కనిపిస్తుంది. దానికి శంకుస్థాపన చేయవచ్చు. అయితే గోడ నీటిని తగ్గించదు, పక్కకు నెడుతుంది.

రెండవదానికి సిమెంటు అక్కరలేదు, ధైర్యం కావాలి. సేద్యానికి, విద్యుత్తుకు, నగర దాహానికి ఉకాయ్ నిండుగా ఉండాలి. వరద రక్షణకు వెలితిగా ఉండాలి. ఆగస్టులో నీరు వదిలిన తర్వాత సెప్టెంబరులో వాన ముఖం చాటేస్తే జవాబుదారీ ఎవరు? 2006లో నీటిని ముందుగా విడువలేదన్న విమర్శకు మూలం ఈ సందిగ్ధమే. కేంద్ర జలసంఘం అంచనాను నమ్మి నీరు వదిలినందువల్ల రైతు నష్టపోతే పరిహారమిస్తామని ప్రభుత్వం ముందే ప్రకటించాలని నా అభిప్రాయం.

మూడవది మనవారికి సంబంధించినది. తెలంగాణ నుంచి వలసవెళ్ళిన నేతపనివారు పవర్‌లూమ్‌లను నమ్ముకుని సూరత్‌లో స్థిరపడ్డారు. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడుపుతున్నదంటే వారి సంఖ్యను ఊహించవచ్చు. వారిలో అనేకులు నివసించే లింబాయత్‌ను ముంచేది మీఠీ ఖాడీ అనే వాగు. దానికీ ఉకాయ్‌కీ సంబంధం లేదు. తపతికి ఎంత ఎత్తు గోడ కట్టినా ఆ ఇళ్ళకు రక్షణ లేదు.

ఈ పాఠం విజయవాడకు కొత్త కాదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చినప్పుడు కృష్ణలంకను గోడ కాపాడింది. సింగ్‌నగర్‌ను బుడమేరు ముంచింది.

వరద మైదానాల్లో కట్టడాలను నియంత్రించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. చట్టం చేసిన రాష్ట్రాలను వేళ్ళమీద లెక్కించవచ్చు. వాగుకు చోటు విడిచిపెట్టడం చవకైన పని కాదు. పేదలకు వేరేచోట ఇళ్ళు చూపకుండా వారిని ఖాళీ చేయించడం న్యాయమూ కాదు. అయినా ఆ ఖర్చు ప్రతి ఏటా ఇచ్చే వరద సహాయం కంటే మేలు. శిలాఫలకం వేయడానికి వీలులేని పనికి కూడా నిధులివ్వడం ఢిల్లీ నేర్చుకోవాలి.