మన జిల్లాల్లో జరిగే పరిశోధన మనకు తెలుగులో చెప్పండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల రైతులకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, పంచాయతీ పెద్దలకు, విశ్వవిద్యాలయాల ఆచార్యులకు మా విన్నపం.

మా కోరిక ఒక్కటే. ఈ రెండు జిల్లాల్లో ప్రజల డబ్బుతో జరిగే ప్రతి పరిశోధనకూ, ప్రతి పీహెచ్‌డీ గ్రంథానికీ నాలుగు పేజీల తెలుగు సారాంశం తప్పనిసరి చేయాలి. అది అందనిదే పట్టా ఇవ్వకూడదు. ఆ నాలుగు పేజీలు లైబ్రరీ బీరువాలో మూలగకుండా, వాటితో పని ఉన్న ఊరికి చేరాలి. శెనక్కాయ తెగులు మీద రాసింది రైతు సేవా కేంద్రానికి, మురుగునీటి మీద రాసింది పంచాయతీకి, నక్షత్రాల మీద రాసింది హైస్కూలుకు పోవాలి.

ఇది మన జిల్లాలవాళ్ళే ముందుగా ఎందుకు అడగాలి? ఇన్ని పరిశోధన సంస్థలు ఒక్కచోట ఉన్న ప్రాంతాలు తక్కువ గనుక. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచీ ఉంది. వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, మహిళా విశ్వవిద్యాలయం, పశువైద్య విశ్వవిద్యాలయం అన్నీ తిరుపతిలోనే. 2015లో ఐఐటీ, ఐసర్ వచ్చాయి. రెండూ ఇప్పుడు ఏర్పేడు దగ్గర. గాదంకిలో వాతావరణాన్ని చదివే పెద్ద రాడార్ ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు సూళ్ళూరుపేటతో పాటు రాకెట్లు ఎగిరే శ్రీహరికోటా తిరుపతి జిల్లాలో చేరింది. 2017 జనవరిలో 104వ భారత సైన్స్ కాంగ్రెస్‌కు దేశమంతా తరలివచ్చింది ఇక్కడికే. ఈ సంస్థల ప్రహరీగోడల పక్కనే మన చేలున్నాయి. లోపల ఏం తేలిందో బయటికి మాత్రం సరిగ్గా రాదు.

వచ్చినప్పుడు ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. 1975-76 ప్రాంతంలో కాళహస్తి చుట్టుపక్కల శెనక్కాయ చేలకు ఒక వింత జబ్బు తగిలింది. పైకి చెట్టు కొంచెం గిడసబారినట్టు ఉంటుంది, అంతే. పీకి చూస్తే ఊడల మీద, కాయల మీద నల్లటి మచ్చలు. కాయ చిన్నది, పొట్టు రంగు చెడిపోయి ఉంటుంది. లోపలి గింజ బాగానే ఉన్నా ఆ కాయను చూసి ధర పెట్టేవాడెవడు? దిగుబడి కూడా పడిపోయింది. ఆకుల మీద మందు కొట్టినా లాభం లేకపోయింది, ఎందుకంటే జబ్బు ఆకులో లేదు. శాస్త్రవేత్తలు తవ్వి, వేళ్ళ దగ్గరి మట్టిని పరీక్షించి, కంటికి కనబడని నులిపురుగు ఒకటి ఊడల్నీ కాయల్నీ తొలుస్తోందని తేల్చారు. లోకమంతటి మొక్కల తెగుళ్ళ పుస్తకాల్లో ఈ జబ్బు పేరు ఇప్పటికీ కాళహస్తి తెగులే. తర్వాత తట్టుకునే విత్తనం కోసం వెతికారు. తిరుపతి-3 వచ్చింది, ఆపైన కాళహస్తి పేరుతోనే ఇంకో రకం వచ్చింది. నారాయణి, ధరణి కూడా తిరుపతి పరిశోధన స్థానంలో పుట్టినవే. నిమ్మలో గజ్జి తెగులును కొంత తట్టుకునే బాలాజీ రకమూ ఇక్కడిదే.

దీన్నిబట్టి ఎవరైనా అనవచ్చు: పరిశోధన రైతుకు చేరుతూనే ఉంది కదా, కొత్తగా మీరు అడిగేదేమిటి? విత్తనం చేరుతుంది, నిజమే. విత్తనం సంచిలో వస్తుంది, సంచి కొనుక్కుంటే చాలు. సంచిలో పట్టని జ్ఞానం సంగతేమిటి?

2000 సంవత్సరం ఖరీఫ్‌లో, అప్పట్లో మనకు పక్కనున్న అనంతపురం జిల్లా చూసింది గుర్తు తెచ్చుకోండి. శెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చి దాదాపు 2.25 లక్షల హెక్టార్ల పైరును దెబ్బతీసింది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటింది. శాస్త్రవేత్తలు ఆ వైరస్‌ను పట్టుకున్నారు. పొగాకు మీద మొదట గుర్తించిన వైరస్ అది. అది చేలోకి వచ్చే దారే అసలు విడ్డూరం. వయ్యారిభామ మొక్కలో వైరస్ ఉంటుంది, కాని ఆ మొక్కకు జబ్బు గుర్తులేవీ కనబడవు. నవనవలాడుతూ పూస్తుంది. దాని పుప్పొడిని తామర పురుగులు ఒంటికి అంటించుకుని శెనక్కాయ ఆకు మీద వాలతాయి. ఆకును గీకి రసం పీలుస్తుంటే, ఆ గాటులోంచి పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది.

ఇది తెలిశాక చేయాల్సిన పని చవకైనది. గట్ల మీద, దారుల పక్కన, బీళ్ళలో వయ్యారిభామ పూతకు రాకముందే పీకేయాలి. చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్ళు దట్టంగా వేస్తే వచ్చే తామర పురుగుల్ని అది అడ్డుకుంటుంది. అయితే ఒక్క రైతు పీకితే సరిపోదు. పక్కవాడి గట్టు మీద పూసిన మొక్క చాలు, నీ చేను పోవడానికి. ఊరంతా ఒకే వారంలో పీకాలి, రోడ్డు పక్కన పంచాయతీ పీకించాలి. అందుకు ఊరంతటికీ కారణం తెలియాలి. 'కలుపు పీకండి' అని గోడ మీద రాస్తే ఎవరూ పీకరు. పుప్పొడి కథ చెబితే పీకుతారు. ఆ కథ ఇంగ్లీషు పత్రికల్లో వివరంగా ఉంది. దాన్నే నాలుగు పేజీల తెలుగులో గ్రామసభలో చదివి వినిపించమంటున్నాం.

ఇక నీళ్ళు. చిత్తూరు మామిడి సంగతి చెప్పనక్కరలేదు. జూన్, జూలై వచ్చిందంటే బంగారుపాళ్యం, దామలచెరువు వైపు తోతాపురి ట్రాక్టర్లు బారులు తీరతాయి. దేశంలో మామిడి గుజ్జు తయారీకి రెండు పెద్ద కేంద్రాలు: ఒకటి మన చిత్తూరు, రెండోది సరిహద్దు దాటితే కృష్ణగిరి. గుజ్జు డబ్బాల్లోకి ఎక్కి విదేశాలకు పోతుంది. కాయ కడిగిన నీళ్ళు, యంత్రాలు కడిగిన నీళ్ళు, తొక్కా టెంకా నానిన పులుసు ఇక్కడే ఉండిపోతాయి. అందులో చక్కెర మెండు, పులుపు మెండు. శుద్ధి చేయకుండా వంకలోకి వదిలితే నీటిలోని ఆక్సిజన్ అంతా దాన్ని కుళ్ళబెట్టడానికే ఖర్చయిపోతుంది. చేపలు చస్తాయి, వాసన వస్తుంది, పక్క బావులూ చెడతాయి.

ఇలాంటి తీపి నీళ్ళకు గాలి లేని ట్యాంకులో శుద్ధి చేయడమనే పద్ధతి బాగా నప్పుతుంది. గోబర్ గ్యాస్ తొట్టిలో జరిగేదీ ఇదే: గాలి తగలని చోట సూక్ష్మజీవులు మురికిని తిని మీథేన్ వదులుతాయి. 1970లలో నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన గాట్జె లెట్టింగా బృందం దీన్నే పరిశ్రమలకు పనికొచ్చేలా మార్చింది. నీటిని అడుగు నుంచి పైకి పంపిస్తారు; సూక్ష్మజీవులు గింజల్లా ముద్దకట్టి, కొట్టుకుపోకుండా ట్యాంకులోనే నిలుస్తాయి. చక్కెర ఫ్యాక్టరీ నీళ్ళతోనే వాళ్ళు దీన్ని నిలబెట్టారు. 1989లో కాన్పూర్ జాజ్‌మవులో ఈ పద్ధతితో ఒక కేంద్రం మొదలైంది. హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానిదీ ఈ పద్ధతే. గాలి కొట్టే మోటార్లు అక్కరలేదు గనుక కరెంటు బిల్లు తక్కువ. నీటి మురికిని కొలిచే సీఓడీ అనే లెక్కలో ఒక కిలో తగ్గితే సిద్ధాంతరీత్యా 350 లీటర్ల మీథేన్ వస్తుంది. బాయిలరు కింద మండించుకోవచ్చు. మండించకుండా గాలిలోకి వదిలితే మాత్రం తప్పు, ఎందుకంటే నూరేళ్ళ లెక్కన అది బొగ్గుపులుసు వాయువు కంటే పాతిక రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది.

మా ప్రాంతానికి ముఖ్యమైన ప్రశ్న వేరే ఉంది. గుజ్జు ఫ్యాక్టరీ నడిచేది రెండు మూడు నెలలు. మిగతా ఏడాది ఆ సూక్ష్మజీవులకు మేత ఎక్కడిది? గాలితో బతికే రకమైతే మేత లేక నశిస్తాయి, ప్రతి సీజనుకూ మళ్ళీ పెంచుకోవాలి. గాలి లేకుండా బతికే ఈ గింజలు నెలల తరబడి పస్తుండి, మళ్ళీ మేత వేస్తే లేచి పనిచేస్తాయి. చిత్తూరు సీజనుకు ఇంతకంటే ఏం కావాలి? ఇబ్బంది లేదని కాదు. మీథేన్ చేసే జీవులు మందకొడిగా పెరుగుతాయి, పులుపు పెరిగితే పని మానేస్తాయి. మామిడి నీళ్ళు పుల్లనివి కాబట్టి సున్నం లాంటిది కలిపి పులుపు విరవాలి, మొదటి వారాల్లో మెల్లగా మేపాలి. మన నీళ్ళకు, మన ఎండకు, మన సీజనుకు ఏ మోతాదు కుదురుతుందో తేల్చాల్సింది మన విశ్వవిద్యాలయాలే.

తేల్చింది తెలుగులో ఉంటే సర్పంచ్ చేతికి ఒక ఆయుధం వస్తుంది. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీలకు పెట్టిన షరతులను కాలుష్య నియంత్రణ మండలి రిజిస్టరులో ఉంచాలి. ఆ మురుగు వల్ల ఇబ్బంది పడేవాళ్ళు ఎవరైనా వెళ్ళి చూడవచ్చు. కాని చూసి ఏం చేస్తాం, సీఓడీ అంటే ఏమిటో తెలియకపోతే? హక్కు కాగితం మీద ఉండి, అర్థం ఇంగ్లీషులో ఉండిపోతే ఆ హక్కు లాయర్లకే పనికొస్తుంది.

ఇంకో మాట. ఆ లెట్టింగా గారి దేశంలో పీహెచ్‌డీ గ్రంథం ఇంగ్లీషులో రాసినా చివర డచ్చి భాషలో సారాంశం పెట్టడం ఆనవాయితీ. ఆ దేశ జనాభా రెండు కోట్లు లేదు. 2011 లెక్కల ప్రకారం తెలుగు మాట్లాడేవాళ్ళం ఎనిమిది కోట్ల పైమాట.

"శెనక్కాయలు, మురుగు సరే, మరి ఆకాశం మీద పరిశోధన ఊరికి ఏం చెబుతుంది?" అని మాలోనే కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఎక్స్ కిరణాల ఖగోళశాస్త్రం వల్ల బావిలో నీరు ఊరదు. ఊరుతుందని బుకాయించడం మాకు ఇష్టం లేదు. కాని ఆకాశాన్ని చదివే ఉపగ్రహాలను మోసుకుని రాకెట్లు ఎగిరేది మన జిల్లా నుంచి. 2015 సెప్టెంబర్ 28న ఆస్ట్రోశాట్, 2024 జనవరి 1న ఎక్స్‌పోశాట్ ఉపగ్రహాలు శ్రీహరికోట నుంచే పైకి లేచాయి. సూళ్ళూరుపేట పిల్లలు మిద్దెలెక్కి చూసి చప్పట్లు కొడతారు. ఆ రాకెట్టు ఎందుకు పోతోందని అడిగితే చెప్పేవాళ్ళు కావాలి. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్ కిరణాలను మన గాలి పొర మింగేస్తుంది. నేల మీద ఎంత పెద్ద దుర్భిణి పెట్టినా అవి కనబడవు. అందుకే పరికరాన్ని పైకి మోయాలి. 1962లో అమెరికాలో రాకెట్టుతో, తర్వాత హైదరాబాదు నుంచి బెలూన్లతో, ఇప్పుడు ఉపగ్రహాలతో మోస్తున్నారు. కృష్ణబిలంలోకి పడబోయే వాయువు కోట్ల డిగ్రీలకు కాగి ఆ కిరణాలను వెదజల్లుతుంది. వాటి కంపనం ఏ దిశలో ఉందో కొలిచే పని ఎక్స్‌పోశాట్‌ది. చూశారుగా, ఏడో తరగతి పిల్లకు అర్థమయ్యే తెలుగులో చెప్పడానికి ఆరు వాక్యాలు పట్టాయి.

పైగా ఆస్ట్రోశాట్ పాత సమాచారాన్ని 2018లో అందరికీ తెరిచారు. శ్రీకాళహస్తిలో కూర్చున్న ఎమ్మెస్సీ విద్యార్థి దాన్ని దించుకుని పరిశోధన మొదలుపెట్టవచ్చు. ఎన్నో కాంతి సంవత్సరాల అవతలి నక్షత్రం లెక్క ఇంత సులువుగా దొరుకుతున్నప్పుడు, మన వంకలో నీటి లెక్క, మన చేలో తెగులు లెక్క దొరకడానికి అడ్డేమిటి?

మేం అడిగేది కొత్త చట్టం కాదు. సమాచార హక్కు చట్టం, 2005, నాలుగో సెక్షన్‌లోనే ప్రభుత్వ సంస్థలు సమాచారం వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని ఉంది. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చారు. విధి మా మీద పెట్టి, పెంచుకునే దారి ఇంగ్లీషులో దాచడం ఏం న్యాయం? పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధ్‌గంగ వెబ్‌సైటులో పెట్టాలన్న యూజీసీ నియమం ఇప్పటికే అమల్లో ఉంది. దానికి నాలుగు పేజీలు జోడించడానికి ఒక్క అకడమిక్ కౌన్సిల్ తీర్మానం చాలు.

తెలుగులో మాటలు లేవంటారు. పైన ఉన్నదంతా తెలుగే. వైరస్, మీథేన్, ఎక్స్ కిరణం అంటే మన పిల్లలకు తెలుసు. మాట దొరకకపోతే కుప్పంలో 1997 నుంచీ ద్రావిడ విశ్వవిద్యాలయం ఉంది, వాళ్ళను అడగండి. పరిశోధకుడు బీహారు వాడో బెంగాలు వాడో అయితే ఏం చేస్తారంటారు. తోటి తెలుగు విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని రాయిస్తాడు, ఇద్దరికీ మేలే. యంత్రం చేత అనువాదం చేయించి పంపుతాం అనేవాళ్ళూ ఉంటారు. చేయించండి, అభ్యంతరం లేదు. కాని దాన్ని ఒక రైతుకో ఒక టీచరుకో చదివి వినిపించి, వాళ్ళకు అర్థమైందని సంతకం తెచ్చుకోండి. పేటెంటు రహస్యాలున్న పనికి గడువు ఇవ్వవచ్చు, మినహాయింపు వద్దు. అయిదేళ్ళు చదివిన మనిషికి నాలుగు పేజీలు రాయడానికి తీరికలేదన్న మాట మాత్రం మేం నమ్మం.

ఆచార్యులకు: ఉత్తర్వు కోసం ఆగకండి. మీ దగ్గర ఈ ఏడాది గ్రంథం సమర్పించే విద్యార్థి చేత ఇప్పుడే రాయించండి. ఉపాధ్యాయులకు: మీ బడికి దగ్గర్లో ఉన్న సంస్థకు ఉత్తరం రాసి, ఏ పరిశోధన జరుగుతోందో పిల్లలకు వచ్చి చెప్పమనండి. జిల్లా పత్రికల వాళ్ళకు: వారానికి ఒక పరిశోధనకు అరపేజీ ఇవ్వండి. రైతులకు, పంచాయతీ సభ్యులకు: వచ్చే గ్రామసభలో ఈ కోరికను తీర్మానంగా పెట్టించి, దాని నకలు తిరుపతి విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు, ఏర్పేడు సంస్థల డైరెక్టర్లకు, ఇద్దరు కలెక్టర్లకు స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు దాచుకోండి. నెల దాటినా జవాబు రాకపోతే సమాచార హక్కు కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి.