సైబరాబాద్‌కూ ఒక వర్షావాసం

2025 మార్చి 30, ఉగాది. పండుగ పూటే కంచ గచ్చిబౌలిలోకి బుల్డోజర్లు దిగాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న ఆ 400 ఎకరాలను ఐటీ సంస్థల కోసం చదును చేయాలన్నది ప్రభుత్వ సంకల్పం. విద్యార్థులు అడ్డుపడ్డారు. రాత్రుళ్లూ పని ఆగలేదు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేసరికి దాదాపు 100 ఎకరాల్లో చెట్టూ చేమా పోయాయి.

విచిత్రమేమిటంటే ఈ ఐటీ కారిడార్‌లో ధ్యానానికి ఆదరణ ఎక్కువ. ఫోన్‌లో యాప్, ఆఫీసులో మైండ్‌ఫుల్‌నెస్ సెషన్, సెలవు దొరికితే నాగార్జునసాగర్ రోడ్డులోని ధమ్మఖేత్తలో పది రోజుల విపశ్యన. 1976లో విపశ్యన గురువు గోయెంకా ప్రారంభించిన ఆ కేంద్రంలో రుసుము లేదు. ఫోన్ అప్పగించాలి, మౌనంగా ఉండాలి, పెట్టింది తినాలి. ఇంత తక్కువతో బతకవచ్చని ఒంటికి తెలియడం గొప్ప చదువే. కానీ బౌద్ధంలో కళ్లు మూసుకోవడం సగం సాధన. కళ్లు తెరిచాక నేలతో, నీటితో, చెట్టుతో ఎలా మసలుకోవాలన్నది మిగతా సగం. అది భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఉంది. దాన్ని సైబరాబాద్ ఇంకా అందుకోలేదు.

భిక్షువు నేల తవ్వకూడదు. మొక్క తుంచకూడదు. పురుగులున్న నీళ్లు ఒలకబోయకూడదు. అందుకే అతని వెంట ఉండే ఎనిమిది వస్తువుల్లో నీళ్లు వడగట్టే గుడ్డ ఒకటి.

బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి వస్త్రాలు దండిగా దానమొస్తే, ఇన్ని ఏం చేసుకుంటారని ఉదయన మహారాజు ఆరా తీశాడట. చిరిగిన చీవరాలు కట్టుకున్నవాళ్లకు పంచుతామన్నాడు ఆనందుడు. మరి ఆ పాతవి? దుప్పట్లవుతాయి. అవి పాడైతే పరుపు గలేబులు, తర్వాత నేల మీద పరిచే గుడ్డలు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, దుమ్ము దులిపే గుడ్డలు. ఆఖరికి పీలికలు మట్టిలో కలిపి నేలకు మెత్తుతారు. పనిచేస్తున్న ఫోన్‌ను పక్కనపడేసి కొత్తది కొనేవాళ్లు ఈ లెక్క ఒకసారి చదవాలి.

అన్నిటికన్నా విలువైనది వర్షావాసం. భిక్షువులు వానాకాలంలోనూ తిరుగుతూ పచ్చగడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కేస్తున్నారని జనం తప్పుపట్టారు. ఆ మాట విని బుద్ధుడు మూడు నెలలు ఒకేచోట ఉండమని నియమం పెట్టాడు. అంటే జనం ఫిర్యాదు సంఘం కట్టుబాటుగా మారింది.

తెలుగు నేలకు ఇదేమీ పరాయి సంగతి కాదు. దారుల పక్కన మనుషులకూ పశువులకూ బావులు తవ్వించి, చెట్లు నాటించిన అశోకుడి శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఉంది. బౌద్ధ ఆచార్యుడు నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే ‘రత్నావళి’ ఇంకా ముందుకు వెళ్తుంది. నీళ్లు లేని దారుల్లో చలివేంద్రాలు పెట్టించమంటుంది, చీమల పుట్టల దగ్గర తిండీ నీళ్లూ ఉంచడానికి నమ్మకమైన మనుషులను నియమించమంటుంది. చీమ బాగోగులు కూడా రాజ్యం పనేనన్నమాట!

ఇక నేటి సైబరాబాద్‌కు వస్తే, 2023 జూలైలో వానలు ముంచెత్తినప్పుడు, ఐటీ ఉద్యోగులను మూడు విడతల్లో ఇళ్లకు పంపమని సైబరాబాద్ పోలీసులు కంపెనీలను కోరారు. 2025 జూలైలో ఇంటి నుంచే పని చేయించమన్నారు. అప్పటికప్పుడు ఇచ్చిన సలహాలవి. వాటినే ముందుగా, ఏటా, కట్టుబాటుగా చేసుకుంటే వర్షావాసమే. వాన మూడు నెలలూ వారంలో సగం రోజులు ఇంటి నుంచి పని చేయిస్తే రోడ్డెక్కే కార్లు తగ్గుతాయి, తాగే పెట్రోలు తగ్గుతుంది, ఇంకో ఫ్లైఓవర్, ఇంకో పార్కింగ్ అంతస్తు కావాలన్న ఒత్తిడీ తగ్గుతుంది.

వర్షావాసం ఆషాఢ పౌర్ణమి మర్నాడు మొదలవుతుంది. ధ్యానానికి గది కేటాయించిన కంపెనీలు ఆ రోజు నుంచే ఈ కట్టుబాటు పెట్టుకోవాలి. ఆ గదిలో కూర్చునే ఉద్యోగులారా, బయటికి రాగానే మీ మేనేజర్‌ను ఈ మాట అడగండి.