ముందు లోపలి మరమ్మతు

చికాగోలో ఉంటున్న మేము 1980ల నాటి పిన్‌బాల్ యంత్రమొకటి పాతది కొన్నాము. ఏటవాలు బల్లపై దొర్లివచ్చే ఉక్కు గుండును ఫ్లిప్పర్లనే రెండు రెక్కలతో పైకి కొట్టే ఆట ఇది. 1947లో ఈ నగరపు గాట్లీబ్ సంస్థ ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రంతో ఈ ఫ్లిప్పర్లను ప్రవేశపెట్టింది.

రంగురంగుల ఎల్.ఇ.డి. దీపాలు పెడదామని పిల్లల తొందర. ముందు లోపల చూద్దామన్నాము. ప్లగ్ తీసి, వెనుక పెట్టె తెరిచాము. స్కోర్లు చెరిగిపోకుండా అమర్చిన మూడు పెన్సిల్ సెల్లులు కారి, ఆ రసం సర్క్యూట్ బోర్డును తినివేస్తోంది. అప్పటిదాకా పైన దీపాలన్నీ చక్కగానే వెలిగాయి! చిలుమును వెనిగర్‌తో తుడిచి, కడిగి, ఆరబెట్టి, తెగిన దారులను సన్నని తీగలతో అతికించాము. కొత్త సెల్లులను బోర్డుకు దూరంగా వేరే డబ్బాలో పెట్టాము. ఆ తరువాత గట్టిపడిన రబ్బరు రింగులు, ఫ్లిప్పర్ కాయిల్ లోపల అరిగిన తొడుగులు మార్చాము. దీపాలు చివరన వచ్చాయి. వాటికి కరెంటు తక్కువ, వేడీ తక్కువ.

మీ యింట రేడియో గాని, టార్చిలైటు గాని వాడకుండా మూలనున్నదా? ఈ రోజే మూత తీసి సెల్లులు చూడండి. కారక ముందే తీసివేస్తే వస్తువు దక్కుతుంది.