ఫ్రాంకోవిచ్‌కి జీతం వచ్చిందా?

ఐరోపా సమాఖ్య చట్టం, అదే ఈయూ లా, చదివినవాళ్లని నిద్రలో లేపి ‘ఫ్రాంకోవిచ్’ అనండి. కళ్లు తెరవకుండానే అప్పజెప్పేస్తారు: 1991, ఈయూ న్యాయస్థానమైన లక్సెంబర్గ్ కోర్టు, ఈయూ చట్టాన్ని అమలు చేయని ప్రభుత్వం పౌరుడికి నష్టపరిహారం కట్టాల్సిందే. శభాష్. ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి. ఇంతకీ ఆయనకి జీతం వచ్చిందా? అక్కడ నోళ్లు పడిపోతాయి.

నా నోరూ పడిపోయింది. యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయంలో ఎల్‌ఎల్‌ఎం వెలగబెడుతున్న రోజుల్లో, ఈ తీర్పు విన్న సాయంత్రం ఉత్సాహం ఆగక నాన్నకి ఫోన్ చేసి కథంతా చెప్పాను. భీమవరం పక్కన రొయ్యల చెరువు చేసుకునే మనిషి. అంతా విని, “బాగుందిరా, ఇంతకీ వాడి డబ్బులు వాడికొచ్చాయా?” అన్నాడు. తెలీదు నాన్నా అన్నాను. “మరి అక్కడేం చదువుతున్నావు?” అన్నాడు. మర్నాడు క్లాసులో అడిగితే, అది సిలబస్‌లో లేదని నవ్వేసి తర్వాతి స్లయిడ్‌కి వెళ్లారు మా ప్రొఫెసర్.

లేదు, రాలేదు. ఆండ్రియా ఫ్రాంకోవిచ్ ఇటలీలోని విచెంజాలో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఉద్యోగి. జీతం ఎప్పుడో ఇంత, ఎప్పుడో ఇంత చేతిలో పెట్టేవారు. ఊళ్లో కోర్టుకెక్కి దాదాపు 60 లక్షల లీరలకి డిక్రీ తెచ్చుకున్నాడు. అమీనా వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. యజమాని దివాలా తీస్తే కార్మికుల బకాయి జీతాలకి పూచీ ఉండాలని 1980లోనే ఒక డైరెక్టివ్, అంటే సభ్యదేశాలకి ఆదేశం, వచ్చింది. 1983 అక్టోబరు 23 లోపు ప్రతి సభ్యదేశమూ దానికి తగ్గ చట్టం చేసుకోవాలి. ఇటలీ చేయలేదు. దాంతో ఫ్రాంకోవిచ్ ఇటలీ ప్రభుత్వం మీదే పడ్డాడు. 1991 నవంబరు 19న లక్సెంబర్గ్ కోర్టు చరిత్రాత్మకమైన తీర్పిచ్చింది. మా పాఠం అక్కడితో సమాప్తం, మంగళం.

కేసు మాత్రం సమాప్తం కాలేదు. ఇటలీ ఆలస్యంగా చట్టం చేసింది. ఆ చట్టం ఆయన్ని తన పరిధి బయటే వదిలేసింది. మళ్లీ లక్సెంబర్గ్. 1995 నవంబరు 9న అదే కోర్టు అదే మనిషి కేసులో ఏమంది? ఆ డైరెక్టివ్ రక్షణ, అప్పులవాళ్లందరికీ కలిపి జరిగే దివాలా ప్రక్రియ ఏ యజమాని మీద నడపడానికి వీలుందో, ఆ యజమాని దగ్గర పనిచేసినవాళ్లకే అంది. ఫ్రాంకోవిచ్ యజమాని ఆ కోవలోకి రాడు. సిద్ధాంతానికి ఆయన పేరు, ఆయనకి మొండిచెయ్యి. కోర్టులో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న మన సామెత ఆయన కోసమే పుట్టినట్టుంది.

ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. గాబ్రియెల్ దెఫ్రెన్ సంగతి చూడండి. బెల్జియం విమాన సంస్థ సబేనాలో ఎయిర్ హోస్టెస్. అదే పని చేసే మగవాళ్ల కంటే జీతం తక్కువ. నలభై ఏళ్లు నిండగానే ఉద్యోగం నుంచి సాగనంపారు, ఆడవాళ్లకి మాత్రమే ఆ నిబంధన. సమాన పనికి సమాన వేతనం అని, ఈయూకి పునాది వేసిన 1957 రోమ్ ఒప్పందం 119వ అధికరణలోనే ఉంది. 1976 ఏప్రిల్ 8న ఆమె గెలిచింది. ప్రతి పాఠ్యపుస్తకమూ ఈ గెలుపుకి హారతి పడుతుంది. ఆమె అడిగిన వేతన తేడా ఎంత? 12,716 బెల్జియన్ ఫ్రాంకులు. మిగతా ఆడవాళ్ల మాట? పాత బకాయిలన్నీ తవ్వితే తట్టుకోలేమని బ్రిటన్, ఐర్లండ్ ప్రభుత్వాలు మొరపెట్టుకున్నాయి. కోర్టు చెవినొగ్గింది. ఈ తీర్పు నాటికే దావా వేసి ఉన్నవాళ్లకి తప్ప, వెనకటి జీతాలు అడిగే హక్కు ఎవరికీ లేదంది. చట్టం పుస్తకంలో ఉన్న అన్నేళ్లూ దోచుకున్నది దోచుకున్నవాళ్లదే అన్నమాట. నలభై ఏళ్ల నిబంధన మీద ఆమె మళ్లీ వెళ్తే, 1978లో అది 119 కిందికి రాదు పొమ్మన్నారు. ఇదంతా మా స్లయిడ్‌లో ఒక్క గీత కూడా లేదు.

ఆ తీర్పులు తర్వాతివాళ్లెందరికో దారి చూపాయి కదా అంటారు. చూపాయి, కాదనను. కానీ దారి వేసినవాడు గుంటలో పడ్డాడన్న సంగతి దాచి దారిని పొగడమంటే నా వల్ల కాదు. అది చట్టం చదవడం కాదు, భజన.

భజన ఎందుకయిందో కూడా చెప్పుకోవాలి. ఈ శాస్త్రాన్ని కట్టినవాళ్లూ బోధించినవాళ్లూ చాలావరకూ ఒకే గూటి పక్షులు. లక్సెంబర్గ్ దేశస్థుడు పియర్ పెస్కటోర్ రోమ్ ఒప్పందం చర్చల్లో కూర్చున్నాడు, 1967 నుంచి 1985 దాకా ఆ కోర్టులోనే న్యాయమూర్తి, ఆ విషయమే పాఠం చెప్పిన ఆచార్యుడు కూడా. మహా మేధావి, సందేహం లేదు. అయినా తానే వండి, తానే వడ్డించి, తానే భేష్ అంటే విస్తరి ముందు కూర్చున్నవాడికి మిగిలేదేమిటి?

అందుకే 1963 నాటి వాన్ గెండ్ ఎన్ లోస్ తీర్పుని సూర్యుడు తూర్పున ఉదయించినట్టు చెబుతారు. పశ్చిమ జర్మనీ నుంచి వచ్చిన ఒక రసాయనం మీద డచ్చి కస్టమ్స్‌వాళ్లు సుంకం 3 శాతం నుంచి 8 శాతానికి పెంచారు. రవాణా కంపెనీ రోమ్ ఒప్పందం చూపించి వాదించింది. పౌరుడు ఆ ఒప్పందాన్ని నేరుగా పట్టుకుని దావా వేయొచ్చా అన్నది ప్రశ్న. ఆరు సభ్యదేశాల్లో మూడు కోర్టు ముందుకొచ్చాయి. మూడూ కుదరదన్నాయి. కోర్టుకి సలహా ఇచ్చే అడ్వకేట్ జనరల్ కార్ల్ రోమర్ కూడా కుదరదనే అన్నాడు. కోర్టు కుదురుతుందంది. మరుసటి ఏడు, 1,925 లీరల కరెంటు బిల్లు కట్టనన్న మిలాన్ లాయరు కోస్టా కేసులో ఇంకో మెట్టెక్కి, సభ్యదేశాల చట్టాల కంటే మాదే పైచేయి అంది. ఈ పైచేయి ఒప్పందంలో ఏ అధికరణలో ఉంది? ఏ అధికరణలోనూ లేదు. ఒకే ఒక్కసారి, 2004 నాటి రాజ్యాంగ ఒప్పందంలో నేరుగా రాశారు. 2005లో ఫ్రాన్స్, నెదర్లాండ్స్ ప్రజలు ఆ ఒప్పందాన్నే ఓటేసి తిప్పికొట్టారు. లిస్బన్ ఒప్పందానికొచ్చేసరికి ఆ మాట చివర్న తగిలించిన 17వ ప్రకటనలోకి దూరింది. న్యాయమూర్తులు చేసింది తప్పా ఒప్పా అన్నది నా తగవు కాదు. అదొక ఎంపిక అనీ, ఇంకోలా జరగడానికి అవకాశం ఉండిందనీ విద్యార్థికి చెప్పకపోవడమే నా తగవు.

సంస్థల పాఠం ఇంకా ఘోరం. నాలుగు డబ్బాలు, మధ్యలో బాణాలు. యూరోపియన్ కౌన్సిల్ వేరు, మంత్రుల కౌన్సిల్ వేరు, ఈయూకి సంబంధమే లేని కౌన్సిల్ ఆఫ్ యూరప్ వేరు. ఈ తేడా పట్టడానికే సగం సెమిస్టర్ హారతి కర్పూరం. మొదటి పఠనం, రెండో పఠనం, మూడో పఠనం అని బట్టీ పట్టిస్తారు. చట్టం నిజంగా ఉడికేది మాత్రం ట్రైలాగ్ అనే మూసిన గదిలో. నాలుగు నిలువు గడుల పట్టిక ఒకటి బల్ల మీద పెడతారు. ఒకదాంట్లో కమిషన్ ప్రతిపాదన, ఒకదాంట్లో పార్లమెంటు మాట, ఒకదాంట్లో కౌన్సిల్ మాట. నాలుగోది ఖాళీ. రాత్రుళ్లు కూర్చుని ఆ ఖాళీ నింపుతారు. ఆ గది పేరు ఒప్పందాల్లో ఎక్కడా లేదు, మా డబ్బాల్లోనూ లేదు. ఆ పట్టికలు జనానికి చూపించాలని ఒకాయన కోర్టుకెక్కితే 2018లో గానీ గెలవలేదు.

కమిటీల సంగతి అరగంటలో ముగించారు. కమిషన్ అమలు నిర్ణయాలు చేసేటప్పుడు సభ్యదేశాల ప్రతినిధుల కమిటీ అభిప్రాయం తీసుకుంటుంది, పరీక్షలో రాదు, అన్నారు. నేనూ పెన్ను మూసేశాను. తర్వాత నాన్న తన తంటాలు చెబుతుంటే వెతికి చూశాను. మన దేశం నుంచి యూరప్ వెళ్లే చెరువు రొయ్యల్లో ప్రతి పది సరుకుల్లో ఒకదాన్ని కాకుండా సగాన్ని ఆపి యాంటీబయాటిక్ పరీక్ష చేయాలని 2016లో మార్చింది అలాంటి అమలు నిర్ణయమే. మందుల అవశేషాలు దొరికాయి కాబట్టే మార్చారు, నిజమే. అయినా ఓడరేవులో కంటెయినర్ ఆగితే రొయ్యలు కొనే ప్లాంటువాడు బిగుసుకుంటాడు, చెరువు గట్టు మీద కౌంటు రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) తగ్గుతుంది. మా నాన్న బతుకుని తాకిన ఈయూ చట్టమంతా ఆ అరగంటలోనే ఉంది.

యూరప్‌కి లా చదవడానికి బయల్దేరుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఫ్రాంకోవిచ్ కేసు చదివారా అని మీ ప్రొఫెసర్ అడిగితే, ఏది సార్, 1991దా, 1995దా అని తిరిగి అడగండి.