పాత కంప్యూటర్లను తూకానికి అమ్మవద్దు

ఇండ్లలో మూలబడిన పాత కంప్యూటర్లను మనవారు కిలోల లెక్కన తుక్కు వర్తకులకు అమ్మివేయుచున్నారు. పాడైనవి పోవలసినవే. కాని నడిచే స్థితిలో నున్నవాటిని కొన్నింటినైనను నిలుపుకొనవలెనని నా మనవి. పాత ఆటలను అసలు రూపమున ఆడుటకు అవియే ఆధారము.

ఆటలే గదా యని కొందరు నవ్వవచ్చును. కాని ఆనాటి ఆటలు పెక్కు ఆనాటి యంత్రపు వేగమును నమ్ముకొని వ్రాయబడినవి. 1981లో వచ్చిన ఐ.బి.యం. పి.సి. వేగము 4.77 మెగాహెర్ట్జ్ మాత్రమే. 1990 నాటి 'వింగ్ కమాండర్' ఆటను తన కాలపు యంత్రములకంటె ఎంతో వేగము గలవానిపై నడిపినచో, అంతయు కంటికానని పరుగైపోవును. ఇట్టి చిక్కులకే ఆ రోజులలో కంప్యూటరు పెట్టెలకు వేగము తగ్గించు 'టర్బో' మీట యుండెడిది. 2021లో వచ్చిన విండోస్ 11లోనైతే 16 బిట్ ప్రోగ్రాములు నేరుగా నడవనే నడవవు. 'సేఫ్‌డిస్క్' అను తాళము వేసి అమ్మిన సి.డి.లను 2015 నాటి విండోస్ 10 అంగీకరించలేదు. డబ్బిచ్చి కొన్న వస్తువు చేతనుండియు కొన్నవానికి అక్కరకు రాకపోయెను.

పాత యంత్రమును అనుకరించు 'డాస్‌బాక్స్' అను ఉచిత ప్రోగ్రాము 2002 నుండి ఉన్నది గదా యందురు. అది మంచిదే, చాలమందికి అదియే చాలును. అయితే కచేరీలో ఏ నకలునైనను అసలుతో సరిచూడనిదే సంతకము పెట్టరు. అసలు యంత్రమే లేనినాడు ఈ నకలును దేనితో సరిచూచెదము?

'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' సంగతి చూడుడు. జోర్డాన్ మెక్నర్ వ్రాసిన ఈ ఆట 1989లో ఆపిల్ 2 యంత్రమునకు వెలువడినది. దాని మూల ప్రతి పోయినదనుకొనగా, 2012లో ఆయన తండ్రికి ఒక పెట్టెలో ఫ్లాపీలు దొరికినవి. పాత ఆపిల్ యంత్రములను భద్రపరచిన ఔత్సాహికులు ఉండబట్టి వానిని చదువగలిగిరి. పెట్టె దాచిన తండ్రి ఎంత ఉపకారియో, యంత్రము దాచినవారును అంతే.

దాచుటకు పెద్ద ఖర్చు లేదు. లోపలి బ్యాటరీని తీసి ఉంచవలెను. కారినచో మదర్‌బోర్డును తినివేయును. హార్డ్ డిస్కులోని దానికి వెంటనే నకలు తీయవలెను. ఇంటర్నెట్టు తీగను మాత్రము తగిలించరాదు. విడిభాగములకు బెంగుళూరు ఎస్.పి. రోడ్డులోను, చెన్నై రిచీ వీధిలోను వెదకి చూడవచ్చును.

ఇంటింటను దాచుట కుదరదు. కావున మన ప్రాంతములలోని తెలుగు సంఘములు, గ్రంథాలయములు ఒక్కొక్క పాత యంత్రమునైనను నడిచే స్థితిలో నుంచి, సెలవుదినములలో పిల్లలచేత ఆడించవలెను. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా మన భాషను నిలుపుకొన్న మనకు, వాడుకలో లేనిది ఎంత త్వరగా మాసిపోవునో ఒకరు చెప్పనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బెంగుళూరు.