యంత్రశాల ముచ్చట్లు: బండిలో వేడి, బండి క్రింద పొగ

ఈ శీర్షికకు ఉత్తరాలు వ్రాసేవారిలో అధికులు ఇంటి పంపుల గురించో, ఇన్వర్టర్ల గురించో అడుగుతారు. ఈసారి వచ్చిన ప్రశ్న వేరు. త్వరలో పదవీ విరమణ చేయనున్న ఒక మిత్రులు పాత టెంపో ట్రావెలర్ కొని, అందులో రెండు పడకలు, చిన్న పొయ్యి అమర్పించి, సతీసమేతంగా లడఖ్ వరకు వెళ్లి రాదలచారట. “రాత్రి చలికి డీజిల్ హీటరు పెట్టించుకోమంటున్నారు. డీజిల్ మండే యంత్రాన్ని పడక క్రింద ఉంచుకొని నిద్రపోవడం క్షేమమేనా? దానికి ఇంధనం ఎక్కడి నుంచి ఇవ్వాలి?” అని అడిగారు.

బెజవాడ ఎండలలో పెరిగిన మాకు నలభై ఏళ్లు దాటేవరకు హీటరంటే బకెట్టులో వేసే నీళ్ల కడ్డీ మాత్రమే. ఉద్యోగరీత్యా హిమాలయ ప్రాంతానికి వెళ్లాకనే తక్కిన హీటర్లతో పరిచయమైంది. ఆ పరిచయంలో ఒక చేదు అధ్యాయం కూడా ఉన్నందున ఈ ప్రశ్నకు కొంత వివరంగా జవాబు వ్రాయక తప్పదు.

ముందుగా, డీజిలే ఎందుకన్నది చూద్దాము. మిత్రుల బండికి 2 కిలోవాట్ల వేడి కావాలనుకుందాము. దానిని 12 వోల్టుల బ్యాటరీ నుంచి తీస్తే 166 ఆంపియర్లు ప్రవహించాలి. నూరు ఆంపియర్-అవర్ల బ్యాటరీ అరగంటకే చేతులెత్తేస్తుంది. అదే ఒక లీటరు డీజిల్‌లో దాదాపు 10 కిలోవాట్-అవర్ల శక్తి ఉన్నది. 2 కిలోవాట్ల హీటరు పూర్తి సామర్థ్యంతో మండినా గంటకు పావు లీటరుకు మించి త్రాగదు. రాత్రంతా మధ్యరకంగా నడిస్తే లీటరున్నర చాలు. ఇంజను నడుపుతూ పడుకుందామంటే, ఖర్చు మాట అటుంచి, దాని పొగ ఎటు పోతుందో నిద్రలో ఎవరు చూస్తారు?

ఈ హీటరులో తెలుసుకోవలసిన కీలకమంతా ఒక గోడలో ఉన్నది. లోపలి మంట గది పూర్తిగా మూసి ఉంటుంది. మంటకు కావలసిన గాలి బండి క్రింది నుంచి ఒక గొట్టం ద్వారా వస్తుంది, పొగ మరొక గొట్టం ద్వారా బండి క్రిందికే పోతుంది. బండి లోపలి గాలి ఆ గదికి వెలుపల ఉన్న అల్యూమినియం రెక్కలను తాకి వేడెక్కి తిరిగి వస్తుంది. ఈ రెండు గాలులూ ఎన్నడూ కలవవు. మిత్రులు అడిగిన క్షేమం సంగతి ఈ ఎడబాటు మీదనే ఆధారపడి ఉన్నది.

బిగింపులో అశ్రద్ధ జరిగేది కూడా ఇక్కడే. పొగ గొట్టపు అతుకులన్నీ బండి నేలకు వెలుపలే ఉండాలి, ఒక్కటి కూడా లోపల ఉండరాదు. గొట్టం చివర తలుపు క్రిందకో, కిటికీ క్రిందకో, గాలి పీల్చే గొట్టం ప్రక్కకో రాకూడదు. గొట్టంలో అతి పల్లంగా ఉన్నచోట చిన్న రంధ్రం చేయాలి. లేకుంటే పొగలోని తేమ నీరై అక్కడ నిలిచి గడ్డకట్టి దారి మూసివేస్తుంది. చుట్టూ మంచు పేరుకున్న చోట బండి నిలిపితే పారతో పొగ దారిని తీసిన తరువాతనే మీట నొక్కాలి.

ఇంధనపు పంపు చిన్నది. టిక్కు టిక్కుమని ఒక్కొక్క చుక్కను కొలిచి పంపుతుంది. దానిని అడ్డంగా పడుకోబెట్టి బిగించే మెకానిక్కులను మేము చూశాము. బయటికి పోయే కొస పైకి ఉండేట్లు ఏటవాలుగా పెట్టాలి, అప్పుడే గాలి బుడగలు లోపల చిక్కుకోవు. గొట్టం కూడా రెండు మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల గట్టి నైలాను గొట్టమై ఉండాలి. దొరికింది కదా అని లావుపాటి రబ్బరు గొట్టం తగిలిస్తే బుడగలు చేరి మంట దగ్గుతుంది. పంపు హీటరుకన్న ట్యాంకుకే దగ్గరగా ఉండాలి. బండి ట్యాంకు నుంచే తీసుకొనేటట్లయితే, పీల్చే గొట్టాన్ని అడుగు దాకా దించకూడదు. రాత్రి హీటరు త్రాగినంత త్రాగినా, ఉదయం ఇంజనుకు కొంత మిగలాలి గదా!

మేము మా కొలతల బండికి ఈ పద్ధతి కాదని వేరే ట్యాంకు పెట్టాము. పది లీటర్ల చక్కని ట్యాంకు. అప్పట్లో దాని గురించి గొప్పగా కూడా చెప్పుకున్నాము.

2022 నవంబరులో ఆ బండి శ్రీనగర్, జోజిలా మీదుగా లేహ్ చేరింది. జమ్మూలో బయలుదేరేముందు తనిఖీకి వెళ్లి, ఆ చిన్న ట్యాంకును మా చేతులతోనే నింపాము. కార్గిల్ చేరాక పెద్ద ట్యాంకులో శీతకాలపు డీజిల్ పోయించండని డ్రైవరుకు గట్టిగా చెప్పాము. అతడు అలాగే చేశాడు. చిన్న ట్యాంకు గురించి మేము చెప్పలేదు, అతడు అడగలేదు.

డీజిల్‌లో పారఫిన్ మైనం ఉంటుంది. మైదానాలలో అమ్మే డీజిల్‌కు మన ప్రమాణాల ప్రకారం శీతకాలంలో కూడా పోర్ పాయింటు, అంటే పారడం మానే ఉష్ణోగ్రత, 3 డిగ్రీల దాకా ఉండవచ్చును. నిజానికి అంతకన్న మెరుగ్గానే ఉంటుంది గాని, మైనస్ పదిహేను దగ్గర దాని మీద ఆశ పెట్టుకోకూడదు. ఇండియన్ ఆయిల్ 2019లో లడఖ్ కోసం విడుదల చేసిన శీతకాలపు డీజిల్ పోర్ పాయింటు మైనస్ 33 డిగ్రీలు. ఆ రాత్రి మా బండిలో ఈ రెండు డీజిళ్లూ మూడడుగుల దూరంలో ఉన్నాయి. ఇంజను చక్కగా స్టార్టయింది. హీటరు మాత్రం రెండుసార్లు ప్రయత్నించి, వడపోతలో మైనం అడ్డుపడగా, తనంతట తాను తాళం వేసుకున్నది.

బండిలో ఇద్దరు టెక్నీషియన్లు ఉన్నారు. రెండు గంటలకొకసారి రీడింగు తీయాలి. చలికి తాళలేక దగ్గరి దుకాణం నుంచి బొగ్గుల కుంపటి తెచ్చి లోపల పెట్టుకున్నారు. తలుపులు బిగించారు. పదకొండు గంటలకు ఇద్దరికీ తలనొప్పి మొదలైంది. ఆ ఎత్తులో కొత్తవారికి తలనొప్పి రావడం, కడుపులో తిప్పడం మామూలే. డాక్టరు ముందే ఇచ్చిన డయామాక్స్ మాత్రలు వేసుకొని పడుకున్నారు.

బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిను ప్రాణవాయువుకన్న దానిని రెండువందల రెట్లు అధికంగా పట్టుకుంటుంది. దాని లక్షణాలు, ఎత్తు వలన వచ్చే జబ్బు లక్షణాలు మొదట్లో ఒక్కలాగే ఉంటాయి. రోగి తనకు తాను తేడా చెప్పుకోలేడు.

ఒంటి గంట రీడింగుకు అలారం మ్రోగింది. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రవాడు లేచి నిలబడబోతే కాళ్లు సహకరించలేదు. పాకుతూ వెళ్లి, తలుపు తీసి, బయట మంచులో పడ్డాడు. ఆ గాలికి తెలివి తెచ్చుకొని రెండవవానిని కాళ్లు పట్టి బయటికి లాగాడు. ఉదయం ఆసుపత్రి నుంచి మాకు ఫోను చేసినప్పుడు అతడన్న మొదటి మాట, “సార్, ఒంటి గంట రీడింగు తప్పిపోయిందండీ.” మేము కుర్చీలో కూలబడ్డాము.

విచారణ నివేదిక చిత్తుప్రతి మా బల్ల మీదికి వచ్చింది. “సిబ్బంది నిబంధనలకు విరుద్ధంగా వాహనంలో కుంపటి వాడిరి” అని కారణం వ్రాసి ఉన్నది. అక్షరాలా నిజమే. సంతకం చేస్తే అక్కడితో ముగిసేది కూడా. కాని కుంపటి వెలిగించినవాడు ఎందుకు వెలిగించాడన్న ప్రశ్నకు జవాబు జమ్మూలో మా చేతిలో ఉన్న గరాటు. పైగా, మోనాక్సైడు అలారము కొనుగోలు జాబితాలో ఉన్నా అది రాకముందే బండిని పంపడానికి అనుమతించిన సంతకమూ మాదే. ఆ రెండు వాక్యాలనూ చేర్చి పంపాము. పై అధికారులు ఒకరిద్దరు, “మీరింత వ్రాయనక్కరలేదు” అన్నారు. ఆ కుర్రవాని సర్వీసు పుస్తకంలో మచ్చ పడలేదు. మా దానిలో ఒక హెచ్చరిక పడింది. అది న్యాయమే.

ఇక మిత్రుల ప్రశ్నకు. హీటరు పెట్టించుకోండి, కాని వేరే ట్యాంకు వద్దు, బండి ట్యాంకు నుంచే తీసుకోండి. మైదానపు డీజిల్ కార్గిల్ దగ్గరకు వచ్చేసరికి అడుగంటేటట్లు లెక్క చూసుకొని, అక్కడ శీతకాలపు డీజిల్ నింపండి. నింపిన వెంటనే హీటరును పావుగంట నడపండి. లేకుంటే ట్యాంకులో కొత్త డీజిల్, సన్నని గొట్టంలో పాత డీజిల్ మిగులుతాయి. కిరోసిను కలపవచ్చునా అంటే, కొందరు తయారీదారుల పుస్తకాలు ఒప్పుకుంటాయి, ఎంత కలపాలో ఆ పుస్తకంలోనే చూడండి. మైనం కట్టిన తరువాత కలిపి ప్రయోజనం లేదు.

లేహ్ దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. మైదానంలో సరిపోయిన చుక్కల లెక్క అక్కడ ఎక్కువై మసి కడుతుంది, కనుక ఎత్తుకు తగినట్లు పంపును తగ్గించుకొనే ఏర్పాటున్న హీటరునే కొనండి. ఆపేటప్పుడు మీటతోనే ఆపాలి. బ్యాటరీ తీగ పీకితే, మంట గదిని చల్లార్చవలసిన ఫాను ఆగిపోయి లోపలి భాగాలు కాలిపోతాయి. ఇంధనం పోసేటప్పుడు హీటరు ఆర్పి ఉండాలి. అలారము తల దగ్గర బిగించండి, అది లేకుండా ఊరు దాటవద్దు. మార్పులు చేసిన బండికి రవాణా కార్యాలయంలో అనుమతి వ్రాయించుకోవడం మరువకండి.

సంక్రాంతి సెలవులలో బండిని మా ఇంటికి తీసుకురండి. నేలకు రంధ్రం ఎక్కడ వేయాలో చాక్‌పీసుతో గీసి ఇస్తాము. వదినగారిని కూడా వెంటబెట్టుకు రండి, అలారము ఎలా మ్రోగుతుందో ఆమె కూడా ఒకసారి వినాలి.